అందినంత వాక్యం

అయ్యగారి మీసం ఒత్తుగా పెరిగి పై పెదవిని మొత్తం కప్పేసి ఉంటుంది. ఆ మీసమంటే చర్చి సంఘంలో అందరికీ గౌరవమే. చిలకకి మాత్రం అది మూసిన తలుపు.

చిన్నతనంలో జ్వరమొచ్చి చెవులు పోయినప్పటి నుంచి ఆమె మనుషుల మాటల్ని పెదవుల మీదే చదువుకుంటోంది. చిలక ఆమె అసలు పేరు కాదు. ఎక్కువ మాట్లాడదని పెళ్ళైన కొత్తల్లో మొగుడు వేళాకోళానికి పెట్టిన పేరు. అది ఇల్లు దాటి, ఆమె పనిచేసే ఆసుపత్రి లాండ్రీకి పాకి, చివరికి మందిరంలో కూడా అదే ఖాయమైపోయింది.

పాత అయ్యగారు నున్నగా గడ్డం గీసుకుని, ఒకేచోట నిలబడి, తాపీగా బోధించేవాడు. ఆయన రోజుల్లో ఒక్కో మాటా ఏరుకుంటే దేవుడి వాక్యం కొంతైనా అందేది. ఈయన నడుస్తూ బోధిస్తాడు. ఇటు తిరిగి ఒక మాట, అటు తిరిగి ఒక మాట, మధ్యలో ఆ మీసం. ఈయన వచ్చిన దగ్గర్నుంచి ఆమెకి ఏమీ అందడం లేదు. అయినా ఒక్క ఆదివారం మానలేదు. ముందు బల్ల మీద, కళ్ళు ఆయన మొహానికి అతికించి కూర్చునేది. ఎన్నో ఏళ్ళుగా వాయిదా వేసుకుంటూ వచ్చిన బాప్తిస్మం ఈసారి తీసుకుంటానని పేరిచ్చింది కూడా.

పేరిచ్చినవాళ్ళందర్నీ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు వెనక గదిలోకి ఒక్కొక్కరినే పిలిచారు. చిలక వంతు వచ్చేసరికి అయ్యగారి భార్య తన కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా వేసుకుంది. సంఘమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడకి తీరైన పెదవులు. మాట పూర్తయ్యేదాకా మొహం పక్కకి తిప్పదు. అయ్యగారు అడిగింది అడిగినట్టు ఆవిడ మళ్ళీ చెప్పేది.

"ప్రభువు ఎందుకు చనిపోయాడు?"

"మనకోసమండి."

"మనకోసమంటే? ఆయన చనిపోతే మనకి మేలెలా జరిగింది?"

చిలక ఆలోచించింది. "తెలీదండి."

"దేవుడు ఒక్కడా, ముగ్గురా?"

"ఒక్కడేనండి."

"మరి తండ్రి, కుమారుడు, ఆత్మ అంటాం కదా?"

"వాళ్ళు ముగ్గురండి."

"ఒక్కడు ముగ్గురెలా అయ్యాడు?"

"అదీ తెలీదండి."

సిగ్గుపడకుండా, బాధపడకుండా, పక్కవీధిలో ఎవరుంటారని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది. అయ్యగారు కలం మూత పెట్టారు. మీసం కదిలింది. అమ్మగారు ఆయన వంక తిరిగి ఏదో అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆవిడ మళ్ళీ ఏదో అంది. ఈసారి ఆవిడ మెడలో నరం ఉబ్బింది. చివరికి ఇటు తిరిగి, చిలక మోకాలి మీద చెయ్యి వేసి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"వచ్చే ఏడాది చూద్దామంటున్నారు. నేనే పట్టుబట్టాను. బాప్తిస్మాలు వచ్చే ఆదివారమే కదా, గురువారం సాయంత్రం ఇంటికి రా. ఇంకోసారి అడుగుతారు. ఈలోగా కాస్త నేర్చుకో తల్లీ."

బయట వరండాలో మిగతావాళ్ళు బాప్తిస్మానికి తెల్లబట్టలు ఎక్కడ కుట్టించుకోవాలో మాట్లాడుకుంటున్నారు. చిలకని చూసి మాట ఆపేశారు. ఆగిపోయిన పెదవుల్ని చదవడం ఆమెకి అందరికంటే బాగా వచ్చు.

*

ఆమె ఇంటికి వచ్చేసరికి మొగుడు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. సెలవు దొరికిన ఆదివారం వంట అతనిదే. దేవుడి సంగతి ఎత్తితే "ఆయన దారిన ఆయన, నా దారిన నేను" అంటాడు గానీ, పెళ్ళాన్ని మందిరానికి ఏనాడూ వద్దనలేదు. ఆమె గుమ్మం దాటగానే కత్తి పక్కన పెట్టి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా నిలబడితే తప్ప ఆ ఇంట్లో ఎవరూ మాట మొదలుపెట్టరు.

"ఏమన్నారే మీవాళ్ళు?"

"వచ్చే ఏడాదన్నారు."

"ఎందుకట?"

"అడిగినవి తెలీదన్నాను."

"పోనీ తెలిసినవి చెప్పకపోయావా?"

"తెలిసినవి అడగలేదు."

అతనికి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "వానొచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా పరిగెత్తుకుపోతావ్. వినపడని బోధకి అన్నేళ్ళు కూర్చున్నదాన్ని పట్టుకుని పరీక్షలా? ఆ మీసాలాయన సంగతి నేను చూస్తా."

"మీరేం చూడొద్దు."

గదిలోంచి కూతురు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. పంతులమ్మ ఉద్యోగానికి చదువుతున్న పిల్ల. ఇంట్లో ఎవరికి ఏం రాకపోయినా నేర్పేదాకా నిద్రపోదు. "నాన్నా, నువ్వు ఉల్లిపాయలు చూసుకో. గురువారం దాకా టైముంది. అమ్మని నేను చదివిస్తా. ప్రశ్నలూ జవాబులూ అన్నీ నాకు వచ్చు."

ఆ సాయంత్రమే చదువు మొదలైంది. కూతురు గోడకి ఆనుకుని, వెలుతురు తన మొహం మీద పడేలా కూర్చుని, జవాబులు ముక్కలు ముక్కలుగా చెప్పేది. చిలక ఆ పెదవుల్ని చూసి అలాగే తిరిగి చెప్పేది. ఆమె గొంతులో ఎత్తుపల్లాలు ఉండవు. మాటలన్నీ ఒకే మెట్టు మీద నడుస్తాయి. అయినా ఆమెకి జ్ఞాపకశక్తి బాగా ఎక్కువ. రెండో రోజుకే చాలామటుకు వచ్చేశాయి.

"ఆయన మన పాప పరిహారార్థమై తన్ను తాను అర్పించుకొనెను," అని ఏకబిగిన అప్పజెప్పింది.

కూతురు చప్పట్లు కొట్టి, "నూటికి నూరు!" అంది.

"దీనికి అర్థమేంటే?"

"అంటే... మనం చేసిన తప్పులకి పడాల్సిన శిక్ష ఆయన పడ్డాడన్నమాట."

"మన శిక్ష ఆయన పడితే మన తప్పెలా పోతుంది?"

కూతురు జడ ముందుకు వేసుకుని కొస విప్పుతూ, మళ్ళీ అల్లుతూ, "నాకూ అక్కడిదాకే తెలుసమ్మా. అలా చెప్పాలంతే," అంది.

"సరే," అంది చిలక. మరో జవాబు అందుకుంది.

*

ఆసుపత్రి లాండ్రీ నేలకింద ఉంటుంది. పై అంతస్తుల్లోంచి మాసిన బట్టల మూటలు గొట్టంలోంచి దబదబా జారి పడతాయి. దుప్పట్లు ఒకవైపు, గౌన్లు ఒకవైపు, నెత్తురు మరకలున్నవి విడిగా చన్నీళ్ళ తొట్టిలోకి. గదిలాంటి డ్రమ్ముల్లో అవి ఉడికి, పిండే యంత్రంలో గిర్రున తిరిగి, చివరికి ఇస్త్రీ రోలరు దగ్గరికి వస్తాయి. ఆ రోలరు ఒకవైపు నలిగిన తడి దుప్పటిని మింగి, రెండోవైపు వేడి వేడి తెల్ల పలకలాగా కక్కుతుంది. అన్ని యంత్రాలూ ఒక్కసారి తిరుగుతుంటే ఆ గదిలో అరిచినా పక్కవాడికి వినపడదు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరూ చిలకని చూసి చూసి పెదవులతో మాట్లాడుకోవడం మరిగారు.

మడత పెట్టడంలో చిలకకి జత వదిన. సొంత వదినేం కాదు. అందరికీ వదినే. మొగుడు పోయినా, మోకాళ్ళు పోయినా, నోరు మాత్రం పోని మనిషి. ఇద్దరూ దుప్పటి చెరో కొసా పట్టుకుని వెనక్కి నడిచి బిగువుగా లాగి, అంచుకి అంచు కలిపి, ఎదురెదురుగా వచ్చి కొసలు చేతులు మార్చుకుంటారు. వెనక్కి నడిచేటప్పుడు ఒకరి మొహం ఒకరికి బాగా కనిపిస్తుంది. కబుర్లన్నీ అప్పుడే.

"మూడ్రోజుల్నుంచి చూస్తున్నా. నీలో నువ్వే ఏదో గొణుక్కుంటున్నావ్. మొగుడితో గొడవా?"

"పాఠం. గురువారం అప్పజెప్పాలి."

విషయం చెప్పింది. వదిన కొస అందిస్తూ దగ్గరికొచ్చి, ఆమె చేతులు వదలకుండా అక్కడే నిలబడింది.

"నేను మీ మందిరం గడప తొక్కలేదు. నాకు తెలీక అడుగుతా. అర్థం కానిదాన్ని ఎలా నమ్ముతావే?"

ఆ దుప్పటి మడతయింది. దొంతర మీద పెట్టి అరచేత్తో ఒత్తింది. ఇంకోటి అందుకుని వెనక్కి నడిచింది. అప్పుడు చెప్పింది.

"బస్టాపులో నలుగురు మాట్లాడుకుంటూ ఉంటారనుకో. నాకేం తెలీదు. ఆ నలుగుర్లో ఒకరు నన్ను పలకరిస్తే మాత్రం తెలిసిపోతుంది. ఏమన్నారో తర్వాత సంగతి. ముందు మొహం నావైపు తిరుగుతుంది కదా. దాంతోనే తెలుస్తుంది. మందిరంలో నాకు అలా ఉంటుంది వదినా. ఎవరో నావైపు తిరిగి ఉన్నారు. ఏమంటున్నారో ఇంకా పట్టుకోలేదు. అంతమాత్రాన లేచి వెళ్ళిపోతానా?"

వదిన కొస పట్టుకున్న చేతులు కిందికి వాలాయి. దుప్పటి మధ్యలో జారి నేలకి తగలబోయింది. ఇద్దరూ ఒకేసారి ఎత్తి పట్టుకున్నారు.

"మరి ఈ ముక్కే చెప్పకపోయావా ఆయనకి?"

"ఇది ఏ ప్రశ్నకి జవాబో నాకు తెలీదు," అంది చిలక.

*

గురువారం సాయంత్రం అయ్యగారింటి ముందుగదిలో అమ్మగారు కిటికీ రెక్కలు బార్లా తీసి, కుర్చీలు వెలుతురు చూసి వేసింది. మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుని, ధైర్యంగా ఉండమన్నట్టు కళ్ళు ఆర్పింది.

మొదటి ప్రశ్నకి చిలక తడుముకోకుండా చెప్పింది. అయ్యగారి కనుబొమలు పైకి లేచాయి. రెండోదానికీ చెప్పింది. ఆయన ముందుకు వంగారు. అమ్మగారి మొహం వెలిగిపోయింది. తన సొంత బిడ్డ బడిలో బహుమతి తెచ్చుకున్నట్టు మురిసిపోతూ మూడో ప్రశ్న అందించింది. "ప్రభువు ఎందుకు చనిపోయాడు?"

"ఆయన మన పాప పరిహా..."

చిలక ఆ మురిపెం చూసి ఆగిపోయింది. మాట గుర్తు రాక కాదు. తనది కాని చీర కట్టుకుని పేరంటానికి వచ్చి, బాగుందని మెచ్చుకుంటుంటే నవ్వుతూ నిలబడినట్టనిపించింది.

"అమ్మగారూ, ఇవి మా అమ్మాయి నేర్పింది. అప్పజెప్తున్నాను. నాకు తెలిసింది కాదు."

అమ్మగారు గబుక్కున భర్త వంక చూసింది. ఆయన ఏదో అడిగారు. ఆవిడ ఇటు తిరిగింది. "మరి నీకు తెలిసిందేమిటో చెప్పమంటున్నారు."

చిలక రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"మొదట్లో మందిరానికి వచ్చేటప్పుడు మా అమ్మాయి చంటిపిల్లండి. ఉబ్బసం. పడుకోబెడితే ఊపిరాడదు. రాత్రీ పగలూ భుజాన వేసుకుని తిరగాల్సిందే. అది ఏడుస్తుందో లేదో నాకు వినపడదు కదండి, దించితే భయం. చేతులు పడిపోయేవి. అప్పుడొక ఆదివారం పాత అయ్యగారు 'ఆయన మన పాపని మోశాడు' అన్నారు. అలా చదివాను. ఇంకేం అందలేదు ఆ రోజు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇంటికి వెళ్ళాను. నా పాపని ఆయన మోశాడట. నేను ఒక్కదాన్నే మోయడం లేదట. ఆ రాత్రి నుంచి చేతులు నొప్పి పుట్టినా భయం పుట్టలేదండి."

అయ్యగారి చెయ్యి మీసం మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆయన నెమ్మదిగా ఏదో అన్నారు.

అమ్మగారు ఆ మాట అందించడానికి కొంచెం తటపటాయించింది. "అది పొరపాటు కదమ్మా, అంటున్నారు. 'పాపాన్ని' మోశాడని చెప్పి ఉంటారు."

"పొరపాటేనండి. మా పిల్ల పెద్దయ్యాక చెప్పింది, 'పాప కాదే అమ్మా, పాపం' అని. పెదవుల మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. నాకు సిగ్గేసింది. ఏడ్చాను కూడా. తర్వాత ఆలోచించుకుంటే, లోకం పాపాన్ని మోసినవాడికి నా పాప బరువా అనిపించింది. ఆయన ఎలా మోశాడో నాకు తెలీదండి. మోశాడని తెలుసు."

అయ్యగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. అటు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టి, గుర్తొచ్చినట్టు ఇటు తిరిగారు. ఆయన చెప్పింది అమ్మగారు అందించింది. వెనకటి ఊళ్ళో ఆయన చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు చాలామంది కొద్ది నెలలకే మందిరం మానేశారట. ఎందుకు వచ్చామో తెలియక వచ్చి, తెలియకుండానే పోయారట. ఆ తప్పు మళ్ళీ చేయకూడదని ఒట్టు పెట్టుకున్నారట.

"మీమీద చిన్నచూపుతో కాదమ్మా, అంటున్నారు. ఆలోచించుకోవాలంటున్నారు."

చిలక లేచి నిలబడింది. "ఆలోచించుకోండి. నేను మాత్రం ఆదివారం తెల్లబట్టలు పట్టుకుని వస్తాను. బాప్తిస్మం తొట్టి దగ్గర వరుసలో నిలబడతాను. మీరు వద్దంటే వెళ్ళి నా బల్ల మీద కూర్చుంటాను. మందిరం మాననండి. దాని గురించి మీరు బెంగ పెట్టుకోకండి."

*

మర్నాడు డ్రైవరు డ్యూటీ దిగి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా పెళ్ళానికి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు. మొహమంతా నవ్వు.

"ఇవాళ మీ మీసాలాయన నా బస్సెక్కాడు."

"మీరేమీ అనలేదు కదా?"

"నేనెందుకంటానే? అద్దంలో చూసి నమస్కారం పెట్టాను. చిలక మొగుణ్ణని చెప్పాను. పాపం, వచ్చి నా వెనకే నిలబడ్డాడు. అప్పుడడిగాను. 'అయ్యగారూ, ఈ బస్సు ఇంజను ఎలా తిరుగుతుందో మీకు తెలుసా?' అని. తెలీదన్నాడు. 'మరి తెలీకుండా ఎందుకెక్కారు? దిగండి' అన్నాను."

"అయ్యో!"

"బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వితే మంచివాడిలాగే ఉన్నాడు. దిగేముందు ఒక మాటడిగాడు. నువ్వెక్కడ పనిచేస్తావని."

"చెప్పారా?"

"చెప్పక? 'నేలకింద ఉంటుంది, వెళ్ళి చూడండి, మీ మందిరం కంటే శుభ్రంగా ఉంటుంది' అన్నాను."

చిలక నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఆ చేత్తోనే నోరు మూసుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది.

శనివారం లాండ్రీలో పని ముమ్మరంగా సాగుతున్నప్పుడు అయ్యగారు మెట్లు దిగి వచ్చారు. రోగులని చూడటానికి పై అంతస్తులకి వస్తుంటారని తెలుసు గానీ, కిందికి ఎప్పుడూ రాలేదు. గుమ్మంలో ఆ మోత తగిలి చెవులు మూసుకున్నారు. ఆవిరి తగిలి కళ్ళజోడు తెల్లబడింది. తీసి తుడుచుకుని, దగ్గర్లో ఉన్న మనిషిని ఏదో అడిగారు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టి లేదన్నట్టు ఊపింది. గట్టిగా అరిచారు. అది మెడ చూస్తే తెలుస్తోంది. ఆమె నవ్వి, పెదవులతో జవాబిచ్చింది. ఆయనకి అర్థం కాలేదు. ఇంకొకామె వచ్చింది. ఆమె చెప్పిందీ అర్థం కాలేదు. గది ఈ కొస నుంచి ఆ కొసకి ఆడవాళ్ళు చప్పుడు లేకుండా కబుర్లాడుకుంటున్నారు, ఒకళ్ళ మాటకి ఒకళ్ళు నవ్వుకుంటున్నారు. మధ్యలో ఆయన తప్పిపోయిన పిల్లాడిలా నిలబడ్డారు.

చిలక రోలరు దగ్గర్నుంచి ఆయన్ని చూసింది. అరనిమిషం చూసి, చేతిలోని దుప్పటి వదినకి అప్పగించి వెళ్ళింది. మోచెయ్యి పట్టుకుని, తడి నేల మీద జారకుండా నడిపించుకొచ్చి, మడత బల్ల దగ్గర పీట మీద కూర్చోబెట్టింది. గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, ఏదో చెప్పబోయి, ఆగి, నిస్సహాయంగా రెండు చేతులూ విప్పారు.

చిలక ఆయన మొహానికి ఎదురుగా వంగి, పెదవులు తీరుగా కదుపుతూ చెప్పింది. "మేము మాట్లాడుకునేది తెలుస్తోందా?"

ఆయన ఆమె నోటి వంకే గుచ్చి చూశారు. నుదురు ముడిపడింది. ఆమె మళ్ళీ అంది. మూడోసారికి ఆయన తల మెల్లిగా అడ్డంగా ఊగింది. లేదు.

"పర్వాలేదు. వచ్చారు కదా. కూర్చోండి."

ఇది ఆయనకి అందింది. ఎలా అందిందో ఏమో, అందింది. కళ్ళలో తెలిసిపోయింది. ఆయన లేవలేదు. పని ముగిసే గంట కొట్టి యంత్రాలు ఆగేదాకా ఆ పీట మీదే కూర్చుని, దుప్పట్లు మడత పడటం చూశారు. మధ్యలో ఒకసారి లేచి, మోకాళ్ళు పట్టేసి కుంటుతున్న వదిన చేతిలోంచి కొస అందుకుని చిలకతో పాటు వెనక్కి నడిచారు. అంచులు కలవలేదు. దుప్పటి వంకరపోయింది. ఆడవాళ్ళంతా నడుములు పట్టుకుని నవ్వారు. చిలక తన వైపు కొసలు సర్ది, వంకర సరిచేసి దొంతర మీద పెట్టింది.

యంత్రాలు ఒక్కొక్కటే ఆగాక ఆయన ఆమెకి ఎదురుగా నిలబడ్డారు. మీసం కదిలింది. ఆమె చూసింది. ఇక మొహమాటపడి లాభం లేదనుకుని, వేలితో తన పై పెదవి మీద అటూ ఇటూ గీసి, "మీసం అడ్డమండి. మీరు వచ్చినప్పటి నుంచీ నాకు ఒక్క మాటా అందలేదు," అంది.

ఆయన మొహంలో రంగు మారింది. చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ముందు బల్ల మీద తన మొహానికి కళ్ళు అతికించి కూర్చున్న మనిషికి ఒక్క మాట కూడా చేరలేదన్న సంగతి అప్పుడే తెలిసింది ఆయనకి. చేతులు జోడించి, తల వంచి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

*

ఆదివారం చిలక తెల్లబట్టలు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. వీధి మలుపులో వదిన ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడి ఉంది. "ఊరికే, చూసిపోదామని," అంది, ఎవరూ అడక్కుండానే. కొంచెం వెనగ్గా కూతురు, ఆ వెనకాల, అటువైపు ఏదో పనున్నట్టు దిక్కులు చూస్తూ డ్రైవరు.

మందిరం గుమ్మంలోనే ఏదో జరిగిందని చిలకకి అర్థమైంది. బల్లల మీద జనం ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారు. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. అమ్మగారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ చూస్తున్న వైపు చూసింది.

వేదిక మీద ఎవరో కొత్తాయన. కాదు, అయ్యగారే. మీసం లేదు. పై పెదవి ఉన్నచోట లేతగా, ఎండ చూడని చర్మం మెరుస్తోంది. పదేళ్ళు చిన్నవాడైపోయి, కొంచెం బిడియంగా నిలబడి ఉన్నాడు. చిలకని చూడగానే రెండు మెట్లు దిగివచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అమ్మగారి కోసం చూడలేదు. తనే చెప్పాడు.

"బట్టలు మార్చుకురండమ్మా. వరుసలో మొదట మీరే."

ఒక్కో మాటా పెదవుల మీద అచ్చుగుద్దినట్టు కనిపించింది. ఆయన నోరు అంత ఒద్దికైనదని ఆమె ఎన్నడూ ఊహించలేదు.

తొట్టిలో నీళ్ళు చల్లగా నడుము దాకా వచ్చాయి. అయ్యగారు నీళ్ళలోనే ఆమెకి అభిముఖంగా తిరిగారు. వెనక ఉన్న సంఘమంతా ఆయన వీపే చూస్తోంది. ఆయన పట్టించుకోలేదు.

"ఒక్కటే అడుగుతాను. ఎలా, ఎందుకు అని అడగను. ఆయన మీతో ఉన్నాడని నమ్ముతున్నారా?"

చిలక నోరు తెరిచింది. తన గొంతు ఎంత గట్టిగా వస్తుందో ఆమెకి ఎప్పుడూ తెలియదు. అందుకే నలుగురిలో గొణిగినట్టు మాట్లాడుతుంది. ఈసారి దాన్ని అదుపు చేయాలని కూడా తోచలేదు.

"నమ్ముతున్నాను!"

ముందు బల్లల మీదివాళ్ళు ఉలిక్కిపడ్డారు. వెనక బల్ల మీద తల్లి ఒళ్ళో ఊగుతున్న చంటివాడు బిక్కమొహం వేశాడు. కిటికీ అవతల నిలబడి, లోపలికి రానని మొండికేసిన డ్రైవరు ఒక్క ఊపున కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. ఆమె అందరి మొహాలూ చూసింది. గట్టిగా అరిచిందని తెలిసింది. సిగ్గుపడలేదు. సరిపోలేదేమోనని ఇంకోసారి అంది. "నమ్ముతున్నాను!"

నీళ్ళు ఆమె మీద మూసుకున్నాయి, విడిపోయాయి. పైకి లేచేసరికి జుట్టు మొహాన అతుక్కుని ఏమీ కనిపించలేదు. అయ్యగారు తన చేత్తో ఆ జుట్టు పక్కకి తీశారు. అప్పుడు కనిపించింది. చప్పట్లు కొడితే ఆమెకి తెలియదని ఎవరికి తట్టిందో గానీ, మందిరం మొత్తం చేతులు పైకెత్తి ఊపుతోంది. కూతురు బల్ల ఎక్కింది. ముసలివాళ్ళు కర్రలెత్తారు. కిటికీ అవతల డ్రైవరు భుజం మీది తువ్వాలు తీసి, బస్సు ఆపమని పరిగెత్తేవాడిలా గిరగిరా తిప్పుతున్నాడు. మొహం తడిసి ఉంది. ఈసారి ఉల్లిపాయలేం లేవు.

తడి జుట్టు ముడేసుకుని, పొడిబట్టలు కట్టుకుని ఆమె వచ్చి తన బల్ల మీద కూర్చునేసరికి అయ్యగారు వాక్యం మొదలుపెట్టారు. నడవలేదు. ఒకేచోట నిలబడి, ఆమె వైపు తిరిగి, తాపీగా చెబుతున్నారు. మొదటి మాట అందింది. రెండోది అందింది. తర్వాత ఒకటి జారిపోయింది. ఇంకోటి అందింది గానీ అది మాటో, పాటో, బాటో తేలలేదు. ఏదైనా బాగానే ఉందనుకుని దాచుకుంది.

భుజం మీద చెయ్యి పడింది. పక్కన కూర్చున్న వదిన. దేవుడిచ్చిన రెండు చెవులూ శుభ్రంగా వినపడే మనిషి, గాభరాగా మొహం పెట్టి పెదవులతో అడిగింది.

"ఏం చెప్తున్నాడే? నాకు ఒక్క ముక్కా అర్థం కావట్లేదు."

చిలకకి నవ్వొచ్చింది. వదిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"నాకూ పూర్తిగా కావట్లేదు వదినా. కూర్చో."